ఆయమ్మా, టైపాయనా, వేడెక్కే పెట్టే

టైపాయన కంప్యూటరు పొద్దున పూట బుద్ధిమంతురాలిలా పనిచేసేది. మధ్యాహ్నం దాటిందంటే ఒళ్లు వేడెక్కేది, గుర్రుగుర్రుమని ఆయాసపడేది, చెప్పాపెట్టకుండా ఆరిపోయేది. టైపాయన వేళ్లకి ఆ సంగతి వెంటనే తెలిసేది కాదు. అవి ఇంకో రెండు మాటలు కొట్టేసి, తెర నల్లబడిందని కళ్లు చెబితే అప్పుడు ఆగేవి.

"మళ్లీ చచ్చింది దిక్కుమాలింది!" అని చెవుల మీది హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేసేవాడు.

బల్ల కింద, ఆయన కాళ్ల దగ్గర, నేల మీద కూర్చున్న ఆయమ్మ పెదాల మీద వేలు పెట్టుకుని "ష్..." అనేది.

అంతే, ఆయన కోపం దిగిపోయేది. కాపురానికొచ్చిన కొత్తలోంచీ ఆయన నోరు పారేసుకున్నప్పుడల్లా ఆవిడ అలాగే వేలు పెట్టి నోరు మూయించేది. ఆవిడకి మిగిలిన కాసిని అలవాట్లలో ఇదొకటి అనుకుని లోపల్లోపల మురిసిపోయి, పెట్టె చల్లారేదాకా కాళ్లు చాపుకుని కూర్చునేవాడు.

టైపాయన పెద్దాసుపత్రి ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చునే జుట్టు నెరిపించుకున్నాడు. తప్పు పడని చెయ్యి అని పేరు. ఆ పేరు నెత్తికెక్కి కూర్చుంది. ఎవరింటి నుంచి పెళ్లిపిలుపు వచ్చినా ముందు అందులో అక్షరదోషాలు వెతికి, ఆ తర్వాత పెళ్లెవరిదో చూసేవాడు. అలాంటి మనిషిని చుట్టాలు ఎంత దూరంలో పెట్టాలో అంత దూరంలోనే పెట్టారు.

ఆయమ్మ అదే ఆసుపత్రిలో పుట్టిన పిల్లల వార్డులో ఆయా. చదువు లేదు, చేతులున్నాయి. నర్సులు ఎంత జోకొట్టినా గుక్క ఆపని పిల్లల్ని ఈవిడ చేతికిస్తే చాలు. గుడ్డ పరిచి, ఒక కొస కాళ్ల మీదికి, ఒక కొస గుండెల మీదికి, ఇంకో కొస వీపు కిందికి తోసి, పొత్తిళ్లలో గట్టిగా చుట్టేసి ఒంటికి హత్తుకునేది. బిడ్డ వేడెక్కేది, ఏడుపు మానేది, కళ్లు మూసేది. పడుకున్నాక పై గుడ్డ తీసేసేది. "చల్లగా ఉన్నంతసేపే చుట్టాలమ్మా, వేడెక్కాక వదలాలి, లేకపోతే ఉక్కపోస్తుంది" అని కొత్తగా వచ్చిన ఆయాలకి నేర్పేది. పుట్టిన పిల్లల చీటీలు ఆఫీసుకి తెచ్చేది కూడా ఈవిడే. "మగ. బరువు తక్కువ. అయినా బతుకుతాడు, రాసుకోండి" అని టైపాయన ముందు చీటీ పెట్టేది. "బతుకుతాడు అని టైపు చెయ్యడానికి ఇందులో చోటు లేదమ్మా" అనేవాడు ఈయన. "చోటు లేకపోతే చెయ్యండి చోటు" అనేది ఆవిడ. అలా మొదలైన పెళ్లి అది.

వాళ్లకి పిల్లల్లేరు. ఎందుకు లేరని ఆరా తీసిన ఆడవాళ్లకి ఆయమ్మ, "వార్డు నిండా ఉన్నారుగా, ఇంటిక్కూడా మోసుకురావాలా?" అని మూతి పగిలేలా చెప్పేది. దాంతో అడిగేవాళ్లు మానేశారు. ఆవిడకి బాధ ఉందో లేదో టైపాయనకే తెలీదు. తెలుసుకుందామని ఆయనా ఎప్పుడూ అడగలేదు. మగవాళ్ల ధైర్యం అంతవరకే.

ఇప్పుడు ఆయమ్మ బుర్ర కొంచెం కొంచెంగా ఖాళీ అయిపోతోంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత వీధిలో దారులు పోయాయి, ఆ తర్వాత మనుషులు పోవడం మొదలైంది. పక్కింటావిడ ముందు పోయింది, పాలవాడు తర్వాత పోయాడు. ఆవిణ్ణి ఒంటరిగా వదిలి బయటికెళ్లే వీల్లేక టైపాయన ఇంట్లో కూర్చుని చేసే పని పట్టాడు. డాక్టర్లు రోగుల సంగతులు నోటితో చెప్పి పంపిస్తారు, ఈయన అవి చెవుల్లో పెట్టుకుని వింటూ టైపు చేసి తిప్పి పంపిస్తాడు. మందుల మగతతో ఆవిడ పొద్దెక్కేదాకా పడుకుంటుంది. లేచి, పాలు తాగి, తిన్నగా వచ్చి బల్ల కింద ఆయన కాళ్ల దగ్గర చతికిలబడుతుంది. సాయంత్రం దాకా కదలదు. ఆయన మోకాలికి ఆవిడ భుజం తగులుతూ ఉంటుంది.

ఆ భుజం తగిలినంతసేపూ టైపాయనకి లోకంలో ఏ లోటూ లేదు.

ఆయమ్మకి ఒక అక్కుంది. టైపాయనకి వదిన. ఆవిడ నోటికి ఎదురు నిలిచినవాళ్లు ఆ వంశంలో లేరు. పొరుగూళ్లో ఉంటుంది. ఒకరోజు బస్సు దిగి వచ్చి, సంచీ కింద పెట్టకుండానే అందుకుంది.

"మరిదీ, నీకు వయసైపోయింది, దానికి బుర్రైపోయింది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూస్తున్నట్టు? మా సందు చివర ముసలాళ్ల హోం ఉంది. శుభ్రంగా ఉంది. నర్సులున్నారు. నేను పూటపూటా వెళ్లి చూసుకుంటా."

"నేనుండగా హోం ఎందుకు వదినా?"

"నువ్వున్నావని దానికి తెలుసా?"

టైపాయన మొహం కందగడ్డైపోయింది. "ఎందుకు తెలీదు? రోజంతా నా కాళ్ల దగ్గరే కూర్చుంటుంది. ఈ ఇంట్లో ఇన్ని గదులున్నాయి, మంచం ఉంది, కిటికీ ఉంది. ఎక్కడా కూర్చోదు. నేను బల్ల ముందు కూర్చుంటే వచ్చి కూర్చుంటుంది. తెలీకుండానే వస్తుందా?"

వదిన నమ్మలేదు. ఆ మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కూర్చుని, పోలీసులా కాపలా కాసింది. ఆయమ్మ లేచింది, అక్కని చూసి "మీరెవరమ్మా, ఏ బెడ్డు?" అంది. తర్వాత తిన్నగా వెళ్లి బల్ల కింద మరిది కాళ్ల దగ్గర కూర్చుంది. అక్కని ఎవరని అడిగిన మనిషి మొగుడి దగ్గరికి మాత్రం దారి తప్పకుండా పోయింది. వదిన కళ్లొత్తుకుంది గానీ నోరు తగ్గించలేదు.

"సరే, ఈసారికి ఒప్పుకుంటున్నా. నువ్వెవరో దానికి తెలిసినంతకాలం నీ దగ్గరే ఉంచుకో. తెలీని రోజు నాకు ఫోను చెయ్యి. మాటియ్యి."

"ఇచ్చాను."

"దాచకు. నీకు టైపు తప్పుల్లేకుండా వచ్చేమో గానీ అబద్ధం తప్పుల్లేకుండా రాదు."

అలా ఆయమ్మ ఆ ఇంట్లో ఉండడమనేది రెండిటి మీద ఆగింది. ఆవిడకి మొగుడు గుర్తుండాలి, మొగుడికి ఇంట్లో పనుండాలి. మొదటిదానికి ఆయనకి బెంగ లేదు. రెండోదానికే ఈ కంప్యూటరు ఎసరు పెట్టింది. రోజూ మధ్యాహ్నం రిపోర్టు సగంలో ఆగిపోవడం, పని ఇచ్చేవాళ్లు ఫోను చేసి, "సార్, మీకు కుదరకపోతే వేరేవాళ్లకి ఇస్తాం" అని మర్యాదగా బెదిరించడం.

వీధి మొదట్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. కొట్టువాణ్ణి అందరూ స్క్రూడ్రైవరనే పిలుస్తారు. వాడి చెవి వెనకాల పెన్సిలు బదులు అదే ఉంటుంది. దాంతోనే వీపు గోక్కుంటాడు, దాంతోనే టీ కలుపుకుంటాడు.

వాడు మొదటిసారి వచ్చి పెట్టె విప్పి, గాలి కొట్టి దుమ్మంతా ఊదాడు. "బాబాయ్, ఇందులో ఇంకో ఇల్లు కట్టుకునేంత మట్టుంది" అన్నాడు. ఆ మధ్యాహ్నం మళ్లీ ఆగిపోయింది. రెండోసారి లోపలి చిప్పు మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది పూశాడు. ఇది ఎండితే వేడి బయటికి పోదని చెప్పాడు. మళ్లీ ఆగిపోయింది. మెమరీ పలకలు తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. కరెంటు పెట్టె మార్చాడు. గోడ ప్లగ్గు మీద అనుమానం వచ్చి వంటింట్లోంచి వైరు లాగాడు. దాని మీద కాలు తట్టుకుని టైపాయన బోర్లా పడ్డాడే తప్ప కంప్యూటరు బాగుపడలేదు.

చివరికి పెట్టెని కొట్టుకి ఎత్తుకుపోయాడు. అక్కడ పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా ఆపకుండా నడిపించాడు. ఒక్కసారి ఆగితే ఒట్టు. నవ్వుకుంటూ తెచ్చి బల్ల కింద పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి చచ్చింది.

"నా దగ్గర బుద్ధిగా ఉండి నీ దగ్గర మారాం చేస్తోంది బాబాయ్. నువ్వు దాన్నేమన్నా తిడుతున్నావా?"

"తిట్టక ముద్దు పెట్టుకోనా?"

"పెట్టి చూడు. ఇంక మిగిలింది అదే."

పోయేముందు పెట్టె పక్క రేకు విప్పేసి, దాని ఎదురుగా ఒక టేబులు ఫ్యాను పెట్టించాడు. గాలి తిన్నగా లోపలికి కొడితే వేడి ఎలా ఎక్కుతుందో చూద్దామన్నాడు. టైపాయన తలూపి పనిలో పడ్డాడు. మధ్యాహ్నం పెట్టె ఆగిపోయి చూసేసరికి ఫ్యాను మొహం గోడ వైపు తిరిగుంది. విప్పిన రేకుని ఎవరో జాగ్రత్తగా పెట్టెకి ఆనించి మూసేశారు. మర్నాడూ అంతే.

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఆయన తిప్పలేదు. అంటే ఆవిడే. నేల మీద కూర్చున్న మనిషికి గాలి కొడితే చలెయ్యదా మరి, అనుకుని టైపాయన తనకే బుర్ర తక్కువైందని తిట్టుకున్నాడు. ఆ సాయంత్రమే బీరువా అడుగు నుంచి దళసరి నీలం ఊలు శాలువా తీసి ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు. ఆవిడ ఆ శాలువాని వేళ్లతో నలిపి, కొస పట్టుకుని కొలిచి, ఎన్నాళ్లకో నవ్వింది. ఆ నవ్వు తన కోసమే అనుకున్నాడు పిచ్చి మనిషి.

శాలువా ఇచ్చాక కంప్యూటరు ఇంకా ముందే ఆగిపోవడం మొదలెట్టింది.

పని ఇచ్చేవాళ్లు ఇదే ఆఖరి మాటన్నారు. స్క్రూడ్రైవరు ఈసారి కొట్టుకి తాళం వేసి వచ్చి, టార్చి లైటు పట్టుకుని బల్ల కింద వెల్లకిలా పడుకున్నాడు. ఆయమ్మ ఇంకా లేవలేదు. పెట్టె చుట్టూ టార్చి తిప్పి తిప్పి చూశాడు.

"బాబాయ్, ఇలా రా. ఇది చూడు."

గాలి వచ్చే కన్నాల్లోంచి స్క్రూడ్రైవరు మొనతో ఏదో లాగి అరచేతిలో పెట్టాడు. మెత్తగా, ఉండ చుట్టుకుని ఉంది.

"దుమ్మే కదా."

"దుమ్ముకి రంగుండదు. ఇది నీలం. ఊలు."

"అది దాని శాలువా పీచు. పక్కనే కూర్చుంటుంది కదా, రాలుంటుంది."

"పక్కన కూర్చుంటే ఒక పోగు రాలుతుంది బాబాయ్. ఇది పైనా, పక్కనా, ముందూ కన్నం వదలకుండా పట్టేసింది. దీన్నెవరో రోజూ ఒంటికి హత్తుకుంటున్నారు." వాడు లేచి కూర్చుని గొంతు తగ్గించాడు. "ఇవాళ చెవులకి అవి పెట్టుకోకు. ఊరికే మీటలు నొక్కుతూ కూర్చో. నేను వంటింటి గుమ్మంలో నిలబడతా."

ఆయమ్మ లేచింది. పాలు తాగింది. వచ్చి బల్ల దగ్గర వంగింది.

"కాస్త కాలు తీస్తారా బాబూ," అంది మర్యాదగా.

టైపాయన వేళ్లు మీటల మీద కొయ్యబారిపోయాయి. ఆ మాట ఆవిడ రోజూ అనేదేమో. చెవుల్లో ఎవరో డాక్టరు గుండెజబ్బుల గురించి చెబుతుంటే ఆయన ఎన్నడూ వినలేదు. ఆయన కాలు తియ్యలేదు. ఆవిడ ఇంక అడగలేదు. కూర్చుని, అడ్డంగా ఉన్న మోకాలిని భుజంతో మెల్లిగా నెట్టుకుంటూ లోపలికి జరిగింది. ఇన్నాళ్లూ ఆయన మోకాలికి తగిలిన భుజం అదే.

పెట్టె గుర్రుమంటోంది. సన్నగా వణుకుతోంది కూడా. ఆవిడ దాని మీద చెయ్యి వేసింది.

"చలేస్తోందా నాన్నా. ఎవరు వదిలేశారు నిన్నిలాగ ఒంటిమీద గుడ్డ లేకుండా. ఏడవకు, ఏడవకు. అమ్మ లేస్తుంది, పాలిస్తుంది."

శాలువా రాకముందు చీర కొంగుతోనే చుట్టేదేమో, ఇప్పుడు భుజాల మీది శాలువా తీసింది. విదిలించి పరిచింది. ఒక కొస పెట్టె ముందు నుంచి, ఒక కొస పైనుంచి, ఇంకో కొస వెనక్కి తోసి కిందికి మడిచింది. ముడత లేదు, సందు లేదు. బుర్ర మొగుడి పేరు మర్చిపోయినా ఆ చేతులు మాత్రం ఒక్క మడత మర్చిపోలేదు. తర్వాత దాన్ని రెండు చేతులా చుట్టుకుని, చెంప ఆనించి, ఊఁ ఊఁ అని గొంతులో పాడుతూ వీపు తట్టినట్టు రేకు తట్టింది.

పెట్టె వేడెక్కింది. ఆయాసపడింది. ఆరిపోయింది.

ఆవిడ మొహం వెలిగిపోయింది. నెమ్మదిగా శాలువా తీసేసి తన భుజాల మీద వేసుకుంది. తలెత్తి టైపాయన వైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"ష్... పడుకున్నాడు."

గుమ్మంలో నిలబడ్డ స్క్రూడ్రైవరు అటు తిరిగిపోయి వంటింటి కుళాయి కింద చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు. వాడి చేతులకి అంత మట్టేమీ లేదు. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

టైపాయన చాలాసేపు నల్లటి తెరలో తన మొహమే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ తన కోసం రావట్లేదు. తను ఆ పెట్టెకి అడ్డంగా ఉన్న కాలు. అంతే.

ఆ తర్వాత ఆయన చేసింది తప్పో ఒప్పో ఎవరు చెప్పగలరు. పని పోతే ఆవిణ్ణి ఇంట్లో ఉంచుకోలేడు, అది నిజం. కానీ స్క్రూడ్రైవరు, "గోడకి జాలీ తలుపున్న అరమర కొట్టి పెట్టెని పైకెక్కిద్దామా బాబాయ్? పిన్నికి అందదు. పెద్ద ఫ్యాన్లు రెండు బిగిస్తే మంచుముద్దలా ఉంటుంది" అని నసుగుతూ అడిగినప్పుడు, "ఇవాళే కొట్టు" అని ఆయన అన్న తీరులో పని గురించిన బెంగ ఒక్కటే లేదు. ఒక ఇనప డబ్బా మీద మొగవాడికి అసూయ పుడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

అరమర ఎక్కాక కంప్యూటరు మళ్లీ ఆగలేదు. చెయ్యి వేస్తే చల్లగా తగిలేది. చప్పుడు మాత్రం పెరిగింది.

ఆయమ్మ మధ్యాహ్నం వచ్చి బల్ల కింద వంగి చూసింది. ఖాళీ. మంచం కింద చూసింది, తలుపుల వెనకాల చూసింది, వంటింట్లో గిన్నెలు తీసి చూసింది. చివరికి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి అరమర కింద నిలబడి రెండు చేతులూ పైకి చాపింది.

"ఏడుస్తున్నాడు. దించండి."

"అది బిడ్డ కాదే. కంప్యూటరు."

"గుక్కపట్టి ఏడుస్తున్నాడు బాబూ. మీకు వినిపించట్లేదా? దించండి."

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. తలొంచుకుని టైపు చేశాడు. ఎప్పుడు తలెత్తినా ఆ చేతులు అలా చాపే ఉన్నాయి. ఆ సాయంత్రం పంపిన రిపోర్టులో తప్పులున్నాయని పని ఇచ్చేవాళ్లు తిప్పి పంపారు. ఆయన జన్మలో అది మొదటిసారి.

ఆవిడ పాలు మానేసింది. నిద్ర మానేసింది. ఈ సంగతి విని స్క్రూడ్రైవరు తన కొట్లో పనికిరాని పాత పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. లోపలంతా ఖాళీ చేసి ఒక బల్బు బిగించాడు. వెచ్చగా ఉంటుంది, కాలదు, మంచి ఉపాయమే. బల్ల కింద పెట్టి, "పిన్నీ, ఇదిగో, ఇక్కడే ఉన్నాడు చూడు" అన్నాడు.

ఆయమ్మ చెయ్యి వేసి చూసింది. చెవి ఆనించింది. తర్వాత వాడి వైపు ఒక చూపు చూసింది.

"ఇది ఒట్టి డబ్బా. నాకు పిచ్చనుకుంటున్నావా?"

వాడు బల్బు ఆర్పి, డబ్బా చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

మర్నాడు టైపాయన గిన్నెలో పాలు పట్టుకుని ఆవిడ మంచం దగ్గరికి వెళితే ఆవిడ గోడకి జరిగిపోయి శాలువా గుండెలకి అదుముకుంది.

"ఎవరు మీరు? ఇది పిల్లల వార్డు. మగవాళ్లు లోపలికి రాకూడదు. సిస్టర్ని పిలుస్తా."

"నేనే. టైపు."

"బయటికెళ్లండి."

ఆయన బయటికి వచ్చాడు. గిన్నె బల్ల మీద పెట్టాడు. వదినకి ఫోను చేశాడు.

"కంప్యూటరు బాగైంది వదినా," అన్నాడు.

"అది చెప్పడానికి ఫోను చేశావా? సంతోషం. నా చెల్లెలెలా ఉంది?"

"నేనెవరో తెలీదంది వదినా."

"పొద్దున బస్సుకి వస్తా," అంది వదిన. దెప్పలేదు. దెప్పినా బాగుండు అనిపించింది ఆయనకి.

పొద్దున ఆవిడ బట్టలు సంచిలో సర్దాడు. ఇంక పనెందుకు, ఎవరి కోసం? కుర్చీ ఎక్కి, అరమర జాలీ విప్పి, పెట్టెని దించి పాత చోట బల్ల కింద పెట్టాడు. వెళ్లేముందు కాసేపైనా ఆవిడ దాన్ని చూసుకోనీ అనుకున్నాడు. కరెంటు మాత్రం పెట్టలేదు. పెడితే ఆ చప్పుడు, మళ్లీ ఏడుస్తున్నాడని కంగారు. చప్పుడు లేకుండా ఉంటే నిద్రపోతున్నాడనుకుంటుంది కదా అని ఆయన ఊహ. పుట్టిన పిల్లల చీటీలు అన్నేళ్లు టైపు చేశాడు గానీ ఒక్కరోజు వార్డులోకి తొంగి చూసిన మనిషి కాదు.

ఆయమ్మ లేచి వచ్చి బల్ల కింద చూసి, "అమ్మయ్య" అని కూలబడింది. గబగబా చెయ్యి వేసింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అరచెయ్యి తిప్పి మణికట్టు ఆనించి చూసింది. చెవి పెట్టింది. రెండు వేళ్లతో ఒకచోట నొక్కి పట్టుకుని కూర్చుంది. ఏ చప్పుడూ లేదు. రాత్రంతా ఆగి ఉన్న రేకు, చల్లగా ఉంది. తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది టైపాయనకి. ప్లగ్గు కోసం వంగాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"వద్దు బాబూ. ఇంక వద్దు."

ఆ గొంతు వేరుగా ఉంది. అందులో వణుకు లేదు, మతిమరుపు లేదు. ఆసుపత్రిలో ఆయన ఎరిగిన ఆయమ్మ గొంతు. శాలువా పరిచి, చుట్టింది. ఈసారి గబగబా చుట్టలేదు. ముందు నుంచి, వెనక నుంచి, చివరికి పైకొస తెచ్చి మొత్తం కప్పేసింది.

"కూర్చోండి," అంది.

"ఏమే..."

"కూర్చోండి నాయనా. నిలబడి ఎత్తుకోకూడదు. కింద కూర్చోండి."

ఆయన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ పెట్టెని జరుపుకుంటూ తెచ్చి ఆయన ఒళ్లోకి ఒరిగించింది. ఆయన చేతులు రెండూ పట్టుకుని దాని చుట్టూ పెట్టింది. బరువుగా ఉంది. ఊలు లోంచి చల్లదనం చేతులకి తగులుతోంది.

"మా చేతనైనంతా చేశాం," అంది. "చలికి తట్టుకోలేకపోయాడు. మీ ఇంటావిడకి ఇప్పుడే చెప్పకండి. నిద్ర లేవనివ్వండి. ఆవిడ దగ్గర నేనుంటాను. మీకు ఏడవాలనుంటే ఇక్కడే ఏడ్చెయ్యండి, ఇక్కడెవరూ చూడరు."

టైపాయన ఏడ్చాడు. చూసేవాళ్లకి నవ్వొచ్చేలా, నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, ఆ డబ్బాని పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ పక్కనే కూర్చుని ఆయన వీపు నిమిరింది. ఇలాగ ఎంతమంది తండ్రుల వీపు నిమిరిందో, ఇంటికొచ్చి ఒక్కరోజైనా చెప్పలేదు. ఆయన అడగలేదు. చీటీల మీద పోయిన బిడ్డల కోసం వేరే గడి ఉండేది, అందులో టైపు చేసి తీసేసేవాడు.

"పెద్దవాళ్లున్నారా మీకు?" అని అడిగింది కాసేపాగి.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కరే వెళ్లకండి. ఇలాంటప్పుడు ఒక్కరే రోడ్డు దాటకూడదు. తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తున్నారా?"

బయట వీధిలో బస్సు ఆగిన చప్పుడైంది. వదిన గొంతు కండక్టరుతో దేని గురించో తగువాడుతూ దగ్గరికొస్తోంది.

"వస్తున్నారు," అన్నాడు టైపాయన.

"అయితే సరే," అని ఆయమ్మ ఆయన చేతుల్లో జారుతున్న శాలువా కొస సర్దింది.